ఒకే రైలు, రెండు ధరల లెక్కలు: రష్యాలో చవక టికెట్ దొరికేదెక్కడ?

మాస్కోలోని యారొస్లావ్‌స్కీ స్టేషన్ నుంచి తూర్పుకు వెళ్లే రైలులో, పక్కపక్క పెట్టెల్లో ఇద్దరు ప్రయాణికులు ఉన్నారనుకుందాం. ఇద్దరూ దిగేది సైబీరియాలోని ఇర్కుత్స్క్‌లోనే. ఒకే ఇంజను వెనుక, ఒకే పట్టాల మీద, మూడు రోజులకు పైగా, దాదాపు 5,200 కిలోమీటర్లు పోతారు. ఒకరు టికెట్ నెల కిందట కొన్నారు, మరొకరు నిన్న రాత్రి కొన్నారు. ఇద్దరూ కట్టిన డబ్బులో చాలా తేడా ఉంది. విమానాల్లో తిరిగేవారికి ఇందులో కొత్తేమీ లేదు, ఆలస్యం చేసినవారు ఎక్కువ కడతారని వారికి తెలుసు. అయితే ఇక్కడ నిన్న రాత్రి కొన్న మనిషే తక్కువ కట్టి ఉండవచ్చు.

కారణం తెలిస్తే ఇందులో మాయ ఏమీ కనిపించదు. రష్యా దూరప్రయాణపు రైలు నిజానికి ఒక గొలుసుకు కట్టిన రెండు దుకాణాలు. ఒకదానిలో ధరల పట్టిక ప్రభుత్వం రాస్తుంది, రెండోదానిలో గిరాకీ రాస్తుంది. గదులు, తలుపులు లేకుండా అందరూ ఒకేచోట పడుకునే ప్లాట్స్‌కార్ట్ పెట్టెలు, కూర్చుని పోయే సాధారణ పెట్టెలు మొదటి రకం. తలుపు వేసుకుని పడుకునే కుపే, అంతకన్నా ఖరీదైన ఇద్దరి గదుల పెట్టెలు రెండో రకం. చవక టికెట్ కోసం వెతికేవారు చాలామంది ఎంత ముందుగా కొనాలని అడుగుతారు. అంతకన్నా ముందు అడగవలసిన ప్రశ్న ఒకటుంది: ఏ దుకాణంలో కొంటున్నాం?

ప్లాట్స్‌కార్ట్ ధరలకు పైకప్పు వేసేది రష్యా సమాఖ్య గుత్తాధిపత్య వ్యతిరేక సంస్థ. దూరప్రయాణపు రైళ్లలో అత్యధికం నడిపేది ఫెడరల్ ప్యాసింజర్ కంపెనీ. ఇది రష్యా రైల్వేల అనుబంధ సంస్థ, 2010లో పని మొదలుపెట్టింది. ప్లాట్స్‌కార్ట్‌లో ఆ కంపెనీ తన ఇష్టానికి ధర పెంచలేదు; అందువల్ల వచ్చే నష్టంలో కొంత ప్రభుత్వ ఖజానా పూడుస్తుంది. సామాన్యుడి ప్రయాణం అందుబాటులో ఉండాలన్నది దీని వెనుక ఉన్న లెక్క. కుపే మీద అలాంటి కట్టుబాటు లేదు. దశాబ్దానికి పైగా అక్కడ ధర సీట్లు నిండే వేగాన్ని బట్టి మారుతోంది. మన రైల్వేలు 2016 సెప్టెంబరులో రాజధాని, శతాబ్ది, దురంతో రైళ్లకు తెచ్చిన ఫ్లెక్సీ ఛార్జీలు గుర్తున్నవారికి ఈ పద్ధతి కొత్త కాదు. కాకపోతే మన దగ్గర బెర్తులు నిండేకొద్దీ ధర మెట్లు ఎక్కుతుంది. రష్యా కుపేలో దిగడమూ ఉంది. గిరాకీ లేని వారంలో కుపే ధర పడిపోయి, అదే రైలులోని ప్లాట్స్‌కార్ట్ కన్నా పై బెర్తు చవకగా దొరికిన సందర్భాలు ఉన్నాయి. అలవాటుగా ప్లాట్స్‌కార్ట్ మాత్రమే చూసి కొనేవారు ఈ సంగతి గమనించరు.

తలుపు లేని పెట్టెలో 54 మంది

ప్లాట్స్‌కార్ట్ అనే మాట జర్మన్ నుంచి వచ్చింది. ‘ప్లాట్స్’ అంటే చోటు, ‘కార్టె’ అంటే చీటీ. ఫలానా చోటు నీదే అని రాసిచ్చే కాగితం అన్నమాట. కాలక్రమంలో ఆ చీటీ పేరే పెట్టెకు స్థిరపడింది. దీన్ని మన స్లీపర్ క్లాసుతో పోల్చి ఊహించుకుంటే సగం అర్థమవుతుంది, మిగతా సగం తప్పు అర్థమవుతుంది. మన స్లీపర్ పెట్టెలో ఒక్కో వరుసకు 8 బెర్తుల చొప్పున 72 లేదా 80 ఉంటాయి. ఇక్కడ వరుసకు 6 చొప్పున 9 వరుసలు, మొత్తం 54. మిడిల్ బెర్తు లేదు. మూడో అంతస్తులో కనిపించే బల్ల సామాన్ల కోసం. కాబట్టి పగటిపూట ఎవరినీ లేపి మిడిల్ బెర్తు దించమని అడిగే గొడవ ఉండదు. రష్యా పట్టాల మధ్య దూరం 1,520 మిల్లీమీటర్లు, మనది 1,676. అంటే వారి పట్టాలే మనవాటి కన్నా ఇరుకు.

బెర్తుల సంఖ్యలు చదవడం వస్తే కొన్ని ఇబ్బందులు తప్పుతాయి. బేసి సంఖ్య కింది బెర్తు, సరి సంఖ్య పై బెర్తు. 1 నుంచి 36 వరకు అడ్డంగా ఉండే బెర్తులు. 37 నుంచి 54 వరకు నడవ పక్కన ఉండే సైడ్ బెర్తులు. అయితే సైడ్ బెర్తుల లెక్క వెనుక నుంచి ముందుకు నడుస్తుంది. 37, 38 పెట్టె చివర, మరుగుదొడ్డి గోడను ఆనుకుని ఉంటాయి. 53, 54 పెట్టె మొదట్లో, ప్రవద్నిత్స గదికి దగ్గరగా ఉంటాయి. ప్రవద్నిత్స అంటే పెట్టె బాధ్యత మోసే మహిళా ఉద్యోగి. టికెట్, పాస్‌పోర్టు చూసి పెట్టెలోకి ఎక్కించేది, దుప్పట్లు ఇచ్చేది, అర్ధరాత్రి దిగవలసినవారిని లేపేది, పెట్టె ఊడ్చేది కూడా ఆమే. ఒక్కో పెట్టెకు సాధారణంగా ఇద్దరు వంతులవారీగా పనిచేస్తారు. పురుషులైతే ప్రవద్నిక్ అంటారు.

37, 38 బెర్తులను రష్యన్లు హాస్యానికి వాడుకుంటారు. రాత్రి ఒంటిగంటకు తలుపు ధడేలుమంటుంది. మరో పది నిమిషాలకు ఇంకొకరు వస్తారు. సైడ్ కింది బెర్తు పగలు రెండు కుర్చీలు, మధ్యలో ఒక చిన్న బల్ల. రాత్రి ఆ బల్ల తిరగేసి పరిస్తేనే పడక అవుతుంది. పై బెర్తు మనిషి ఇంకా టీ తాగుతుంటే కింది మనిషి నిద్ర ఆగుతుంది. పొడవైనవారికి ఈ సైడ్ బెర్తు చాలదు, అడ్డ బెర్తులో పడుకుంటే పాదాలు నడవలోకి వస్తాయి, వచ్చే పోయే ప్రతివారూ వాటిని తాకుతారు. ఇలాంటి చోట్లకు గిరాకీ తక్కువ కనుక రాయితీలు తరచూ వీటికే వస్తాయి. ఒక్క రాత్రి ప్రయాణానికి సైడ్ పై బెర్తు తీసుకుని డబ్బు మిగుల్చుకోవడం తెలివైన పని. నాలుగు రాత్రులకు తీసుకుంటే మాత్రం, మిగిలిన డబ్బు దిగిన తర్వాత హోటల్‌లో నిద్రకే ఖర్చవుతుంది.

కుపే పెట్టెలో 9 గదులు, గదికి 4 బెర్తులు, మొత్తం 36. 2013 నవంబరులో మాస్కో నుంచి నల్ల సముద్రపు ఒడ్డునున్న అద్లెర్‌కు మొదటి రెండంతస్తుల పడక రైలు నడిచింది. అలాంటి ఒక్కో కుపే పెట్టెలో 64 మంది పడతారు. ఒక ఇంజను ఎక్కువమందిని లాగితే తలకు ఖర్చు తగ్గుతుంది. అందుకే రెండంతస్తుల కుపే చాలాసార్లు మామూలు కుపే కన్నా బాగా చవక. పైకప్పు తక్కువ ఎత్తులో ఉంటుంది, పై అంతస్తులో పై బెర్తు మీద కూర్చుంటే తల వంచుకోవలసిందే, సామాన్లు పెట్టే చోటు కూడా తక్కువే. అయినా తలుపు వేసుకుని పడుకోవచ్చు. మాస్కో నుంచి కజాన్, వొరోనెజ్, సెయింట్ పీటర్స్‌బర్గ్ లాంటి దారుల్లో ఈ రైళ్లు తర్వాత వచ్చాయి. సైబీరియా లోతుల్లోకి వెళ్లేవారికి ఇవి పెద్దగా అక్కరకు రావు.

వీటన్నిటికీ కింద మరో మెట్టు ఉంది, దాని పేరు ఒబ్షీ, అంటే సాధారణం. చూడటానికి అదే ప్లాట్స్‌కార్ట్ పెట్టె, పడుకోవడానికి బదులు ఒక్కో కింది బెర్తు మీద ముగ్గురు కూర్చుంటారు. 81 మంది పడతారు. చాలా రైళ్లలో ఇప్పుడిది లేదు. ఉన్నచోట కూడా ఆరేడు గంటల పగటి ప్రయాణానికే పనికొస్తుంది.

పట్టికలో కనిపించని తేడాలు

తరగతి ఎంచుకున్నంత మాత్రాన ధర తేలిపోదు. ఏ రైలు అన్నది రెండో సంగతి. రష్యాలో రైలు నంబరే చాలా చెబుతుంది. 1 నుంచి 150 లోపు నంబర్లు ఏడాది పొడవునా నడిచే వేగపు రైళ్లవి. 151 నుంచి 298 వరకు సీజన్‌లో మాత్రమే నడిచే వేగపు రైళ్లవి. 301 నుంచి 598 వరకు నెమ్మదిగా నడిచే ప్యాసింజర్ రైళ్లు. వేగపు రైళ్లలోనూ ఫిర్మెన్నీ అనే ముద్ర ఉన్నవి వేరు. వాటికి సొంత పేరు, మెరుగైన పెట్టెలు, ఆ రెంటికీ కలిపి అదనపు ధర.

మాస్కో, పసిఫిక్ తీరంలోని వ్లాదివొస్తోక్ మధ్య 9,288 కిలోమీటర్ల దారిలో ‘రష్యా’ అనే పేరున్న రైలు ప్రపంచానికంతా తెలుసు. మాస్కో నుంచి వెళ్లేటప్పుడు దాని నంబరు 2. పర్యాటకులు వెతికేది, ఏజెంట్లు ముందుగా చూపించేది ఆ పేరే. అదే దారిలో 100వ నంబరు రైలు కూడా ఉంది. దానికి పేరు లేదు, ఎక్కువ చోట్ల ఆగుతుంది, ఫొటోల్లో కనిపించదు. అందులో ఎక్కేది ఒక సైబీరియా ఊరి నుంచి నాలుగో ఊరికి పెళ్లికో, ఆసుపత్రికో, ఉద్యోగానికో పోయేవారు. టికెట్ ధర సాధారణంగా తక్కువ. బైకాల్ సరస్సు అంచున రైలు పోతున్నప్పుడు కిటికీలో కనిపించే నీళ్లు మాత్రం రెంటికీ ఒకటే.

నిజం చెప్పాలంటే ఈ దారి మొత్తం ఒకే రైలులో కూర్చుని పోయేవారు స్థానికుల్లో చాలా అరుదు. మాస్కో మనిషికి వ్లాదివొస్తోక్‌లో పని పడితే విమానం ఎక్కుతాడు, ఎనిమిదిన్నర గంటల్లో దిగుతాడు. రైలు మధ్య ఊళ్లవారిది. ఈ సంగతి టికెట్ల లభ్యతనూ మారుస్తుంది. ఒకే బెర్తు దారిలో మూడు నాలుగు చేతులు మారుతుంది. మాస్కో నుంచి ఇర్కుత్స్క్ దాకా ఖాళీ లేదని కనిపించిన రోజున కూడా, మాస్కో నుంచి యెకతెరిన్‌బుర్గ్ దాకా ఒక బెర్తు, అక్కడి నుంచి ఇర్కుత్స్క్ దాకా మరో బెర్తు అదే రైలులో ఉండవచ్చు. పెట్టె మారవలసి వస్తుంది, అంతే.

అలా ముక్కలు చేసి కొంటే ఖర్చు పెరుగుతుందా, తగ్గుతుందా? ఇక్కడ పాత చరిత్ర కొంత తెలియాలి. రష్యా రైలు ఛార్జీ దూరం పెరిగేకొద్దీ కిలోమీటరుకు తగ్గుతూ పోయే పద్ధతిలో కట్టినది. దీని మూలం 1894 నాటి ఛార్జీల సంస్కరణలో ఉంది. సెర్గేయ్ విట్టే ఆర్థికమంత్రిగా ఉన్న కాలమది. సైబీరియా రైలుమార్గం నిర్మాణం అప్పటికి మూడేళ్లుగా సాగుతోంది. దేశం అంత వెడల్పు ఉన్నప్పుడు కిలోమీటరుకు ఇంత అని చివరిదాకా వసూలు చేస్తే, తూర్పుకు వెళ్లి స్థిరపడే రైతు ఎవరూ రైలు ఎక్కరు. అందుకే దూరం వెళ్లేవారికి రేటు పలచబడింది, వలస వెళ్లే కుటుంబాలకు ఇంకా తగ్గింది. లక్షలాది రైతులు ఆ రాయితీ టికెట్ల మీద ఉరల్ పర్వతాలు దాటారు. ఆ నడక ఇప్పటికీ పోలేదు. ప్రభుత్వ పట్టిక నడిచే ప్లాట్స్‌కార్ట్‌లో 5,000 కిలోమీటర్లకు ఒకే టికెట్ తీసుకోవడం, దాన్ని నాలుగు ముక్కలుగా కొనడం కన్నా సాధారణంగా చవక.

కుపేలో ఈ సూత్రం పట్టుతప్పుతుంది. గిరాకీ ముక్కముక్కకూ వేరుగా ఉంటుంది కాబట్టి, ఒక ముక్క నిండి ధర పైకి లేచినా పక్క ముక్క ఖాళీగా, అగ్గువగా పడి ఉండవచ్చు. కుపే కొనేవారు మొత్తం దూరానికీ, ముక్కలకూ రెండు లెక్కలూ వేసి చూడటం మంచిది. ఊళ్లు చూస్తూ పోదలచినవారికి ముక్కలు ఎలాగూ తప్పవు. కజాన్‌లో రెండు రోజులు, నొవసిబిర్స్క్‌లో ఒక రోజు అంటూ దిగేవారు పేరున్న రైళ్ల వెంట పడకుండా, ఆయా ఊళ్ల మధ్య నడిచే రాత్రి రైళ్లను చూసుకోవాలి. సాయంత్రం ఎక్కి ఉదయం దిగితే హోటల్ ఖర్చు కూడా టికెట్‌లోనే కలిసిపోతుంది.

టికెట్ ధర లోపల కూడా రెండు భాగాలు ఉంటాయని తెలియకపోతే రద్దు చేసినప్పుడు ఆశ్చర్యపోవలసి వస్తుంది. ఒకటి ప్రయాణపు ఛార్జీ. పట్టాలు, ఇంజను వగైరాలకు. రెండోది చోటు ఛార్జీ. పెట్టెకు, బెర్తుకు, సేవకు. రైలు బయలుదేరే సమయం దగ్గరపడేకొద్దీ రద్దు చేస్తే కోత పడేది రెండో భాగంలో. కుపేలో మరో చిక్కు ఉంది. అదే బెర్తుకు ‘తిరిగి ఇవ్వబడదు’ అనే షరతుతో తక్కువ ధర చూపిస్తారు. వీసా చేతికి రాకముందే దాన్ని కొనడం జూదం ఆడటమే.

ఇంకో చిన్న గమనిక. ఒకే రైలులో, ఒకే రకం పెట్టెలో కూడా సేవను బట్టి రెండు మూడు ధరలు ఉంటాయి. ఒక కుపేలో భోజనం కలిపి ఉంటుంది, పక్క పెట్టె కుపేలో ఉండదు. ఆ భోజనం ప్రయాణం మొత్తానికి ఒక్కసారే ఇచ్చేది అయి ఉండవచ్చు. శాకాహారులు, గొడ్డుమాంసం తిననివారు దానికి డబ్బు కట్టి వదిలేయడం కన్నా భోజనం లేని పెట్టె చూసుకోవడం మేలు. ప్రతి పెట్టెలోనూ ఒక చివర తితాన్ అనే పెద్ద మరుగునీళ్ల బాయిలరు ఉంటుంది. పగలూ రాత్రీ, ఎవరైనా, ఎన్నిసార్లయినా పట్టుకోవచ్చు, డబ్బు అడగరు. రష్యన్లు దాని మీదే రోజులకు రోజులు గడుపుతారు: టీ, గిన్నెలో నీళ్లు పోస్తే ఉడికే నూడుల్స్, పొడి నుంచి కలిపే ఆలుగడ్డ ముద్ద. ఆ నీళ్లలో ఉప్మా పొడి కూడా చక్కగా నానుతుంది.

దుప్పట్ల విషయంలోనూ కొంత మిగుల్చుకోవచ్చు. ప్లాట్స్‌కార్ట్‌లో పరుపు మీద వేసుకునే దుప్పటి, గలీబు, తువ్వాలు కలిపిన కట్టను వద్దనుకునే వీలుంటుంది, ఆ మేరకు ధర తగ్గుతుంది. కానీ కట్ట తీసుకోనివారికి పరుపు వాడుకునే హక్కు కూడా ఉండదు, బోసి బల్ల మీద పడుకోవాలి. పగటి ప్రయాణానికి సరే. రాత్రికి ఈ పొదుపు ఎవరికీ చెప్పకూడదు.

ఏ రోజు వెళ్లాలి

ప్లాట్స్‌కార్ట్ ధరలో పెద్ద కదలిక తెచ్చేది ప్రయాణం చేసే తేదీ. టికెట్ కొన్న రోజు ప్రభావం అంత ఉండదు. ఏడాదికి సరిపడా ఒక క్యాలెండరు ముందే ఖరారవుతుంది. అందులో ప్రతి కాలానికీ ఒక గుణకం ఉంటుంది. మూల ధరను దానితో హెచ్చిస్తారు. జూలై, ఆగస్టుల్లో గుణకం ఎక్కువ. కొత్త సంవత్సరపు సెలవులకు ముందు రోజులు, మార్చి 8 మహిళా దినోత్సవం, మే మొదట్లో వచ్చే సెలవులు, నవంబరు 4 చుట్టూ ఉండే రోజులు కూడా ఖరీదే. జనవరి సెలవులు ముగిశాక మార్చి దాకా, మళ్లీ అక్టోబరు, నవంబరుల్లో మామూలు రోజులు అగ్గువ.

పండుగ ధరల్లో ఒక మెలిక ఉంది. ఖరీదైనది పండుగకు ఇంటికి చేరే రోజు. సరిగ్గా పండుగ నాడు రైలులో ఉండటానికి ఎవరూ ఇష్టపడరు కాబట్టి ఆ రోజు ధర పడిపోతుంది. డిసెంబరు 31 రాత్రి ప్లాట్స్‌కార్ట్ పెట్టె సగం ఖాళీగా ఉంటుంది. ఉన్నవారు సలాడ్ డబ్బాలు విప్పుతారు. రైలు దాటే ప్రతి కాలమండలంలోనూ కొత్త సంవత్సరం ఒకసారి వస్తుంది కాబట్టి, కొన్ని పెట్టెల్లో శుభాకాంక్షలు రెండుసార్లు చెప్పుకుంటారు.

కుపేకు ఈ క్యాలెండరు కన్నా గడియారం ముఖ్యం. టికెట్లు సాధారణంగా 90 రోజుల ముందు అమ్మకానికి వస్తాయి. మన దగ్గర 2024 నవంబరు 1 నుంచి ఈ గడువును 120 రోజుల నుంచి 60కి తగ్గించారు కాబట్టి, ఇక్కడి అలవాటుతో ఉన్నవారు రష్యాలో నెల రోజులు ఆలస్యంగా మేలుకునే ప్రమాదం ఉంది. అమ్మకం మొదలైన తొలి రోజుల్లో కుపే ధర తరచూ దిగువనే ఉంటుంది. తర్వాత రైలు నిండే తీరును బట్టి నడుస్తుంది. వేసవిలో బైకాల్ వైపు కుపే కావాలంటే తొలి రోజునే కొనాలి, ఎదురుచూస్తే ధర తగ్గుతుందన్న ఆశకు అక్కడ చోటు లేదు. ఫిబ్రవరిలో అదే దారికి తొందర అక్కరలేదు. పై బెర్తు కింది బెర్తు కన్నా చవక అన్నది మాత్రం కుపేలో దాదాపు అన్ని కాలాల్లోనూ నిలుస్తుంది.

పిల్లలతో వెళ్లేవారికి లెక్క తేలిక. 5 ఏళ్ల లోపు ఒక బిడ్డకు, వేరే బెర్తు అడగకపోతే, టికెట్ ధర లేదు. 10 ఏళ్ల లోపువారికి గణనీయమైన రాయితీ ఉంది. పుట్టినరోజు రాయితీ, వృద్ధుల రాయితీ, ఎక్కువమంది పిల్లలున్న కుటుంబాల రాయితీ అంటూ మరెన్నో ఉన్నాయి. అయితే వాటిలో కొన్ని రష్యా పౌరులకు ఉద్దేశించినవి, కొన్ని కుపేకు మాత్రమే వర్తించేవి. విదేశీయుడు వాటి వెంట పడి గడిపే సమయానికి సరిపడా లాభం రాదు.

విమానంతో పోల్చేటప్పుడు సామాన్ల లెక్క మరిచిపోకూడదు. ప్లాట్స్‌కార్ట్, కుపే టికెట్లతో 36 కిలోల సామాను ఉచితం. చవక విమాన టికెట్ మీద చేతి సంచి మాత్రమే రాసి ఉంటే, పెట్టెకు కట్టే ఛార్జీతో కొన్ని దారుల్లో రైలే గెలుస్తుంది. చదువు ముగించుకుని హాస్టల్ ఖాళీ చేసే విద్యార్థులకు ఇది చిన్న సంగతి కాదు. కజాన్, ఇజెవ్‌స్క్, ఓరెన్‌బుర్గ్ లాంటి ఊళ్లలో వైద్యవిద్య చదివే తెలుగు విద్యార్థులు చాలామందే ఉన్నారు. ఇంటికి రావాలంటే వారిలో ఎక్కువమంది ముందు మాస్కో చేరాలి. వారి వేసవి సెలవులు సరిగ్గా ప్లాట్స్‌కార్ట్ క్యాలెండరులో గుణకం పెరిగే రోజుల్లోనే వస్తాయి. పరీక్షల తేదీ తెలిసిన రోజే రైలు టికెట్ కొనేవారు బాగుపడతారు. విమానం టికెట్ ఖరారయ్యేదాకా ఆగేవారికి మిగిలేది 37, 38.

డబ్బు చేతిలో ఉన్నా కట్టలేని చోటు

విదేశీయులకు ఇప్పుడు అసలు అడ్డంకి ధర కాదు, చెల్లింపు. 2022 మార్చిలో వీసా, మాస్టర్‌కార్డు సంస్థలు రష్యాలో కార్యకలాపాలు ఆపేశాయి. అప్పటి నుంచి ఆ గుర్తులతో భారత బ్యాంకులు ఇచ్చిన కార్డులు రష్యా రైల్వేల వెబ్‌సైటులో పనిచేయవు. ఆ వెబ్‌సైటు కూడా విదేశాల నుంచి తరచూ తెరుచుకోదు. రష్యాలో బ్యాంకు ఖాతా ఉన్నవారికి అక్కడి మీర్ కార్డు ఉంటుంది, వారికి ఇబ్బంది లేదు. లేనివారికి మూడు దారులు: విదేశీ కార్డు తీసుకునే ఏజెంటు, రష్యాలో ఉన్న తెలిసినవారు, స్టేషన్ కిటికీ దగ్గర నగదు.

ఏజెంటు దారిలో టికెట్ ధర మీద కమీషన్ చేరుతుంది. అది ఎంతో ఒక్కోసారి విడిగా కనిపించదు, మారకపు రేటులో దాగి ఉంటుంది. రైల్వే పెట్టిన రూబుళ్ల ధర ఎంత, చేతి నుంచి పోయేది ఎంత అన్న రెండు అంకెలు పక్కపక్కన పెట్టి చూడని పొదుపు అర్థం లేనిది. ప్లాట్స్‌కార్ట్ ఎంచుకుని మిగుల్చుకున్నది మొత్తం కమీషన్‌కు ధారపోసే అవకాశం ఉంది. తొలి రైలు ఒక్కటి ఏజెంటు ద్వారా ముందే కొని, మిగతావి మాస్కో చేరాక నగదుతో కొనడం చాలామందికి కుదిరే మధ్యేమార్గం. వేసవిలో అంత ధైర్యం పనికిరాదు.

తెలిసినవారి చేత కొనిపించేటప్పుడు పేరు దగ్గర జాగ్రత్త పడాలి. రష్యాలో దూరప్రయాణపు టికెట్ మనిషి పేరు మీద, పాస్‌పోర్టు సంఖ్య మీద వస్తుంది. ఎక్కేముందు ప్రవద్నిత్స రెండూ సరిచూస్తుంది. రష్యన్ పద్ధతిలో ఇంటిపేరు, పేరు, తండ్రిపేరు అని మూడు గడులు ఉంటాయి. మనకు తండ్రిపేరు గడి ఖాళీ, అక్కడ ఒక గీత పెడితే చాలు. మన పాస్‌పోర్టుల్లో కొన్నిటికి ఇంటిపేరు గడి ఖాళీగా ఉంటుంది, కొన్నిటిలో ఇంటిపేరు వచ్చి పేరు గడిలో కలిసిపోయి ఉంటుంది. పాస్‌పోర్టులో ఏ గడిలో ఏది ఉందో అదే టికెట్‌లోకి దిగాలి. ఇంట్లో పిలిచే వరుసలో రాస్తే ప్లాట్‌ఫారం మీద వాదన తప్పదు. టికెట్ కొన్నాక పాస్‌పోర్టు మారిస్తే సంఖ్య మారుతుందన్నది కూడా మరిచిపోయే సంగతే.

వీసా గడువు సైతం టికెట్ ఖర్చులోకి దూరుతుంది. భారతీయులకు 2023 ఆగస్టు నుంచి అందుబాటులోకి వచ్చిన ఇ-వీసా మొదట 16 రోజుల బసకే పరిమితమైంది. 2025లో దాన్ని 30 రోజులకు పెంచారు. 16 రోజుల కాలంలో మాస్కో నుంచి వ్లాదివొస్తోక్ దాకా ఊళ్లలో దిగుతూ పోవడమంటే పరుగే. రైలులో గడిచే రోజులు కూడా బసలోనే లెక్క. గడువు తరుముతుంటే ఏ రైలు దొరికితే అది, ఎంతకు దొరికితే అంతకు కొనవలసి వస్తుంది. 30 రోజులు ఉంటే ఖరీదైన శుక్రవారం రైలు వదిలేసి మంగళవారం దాకా ఆగవచ్చు.

గడియారం గురించి ఒక మాట. 2018 ఆగస్టు 1కి ముందు రష్యా అంతటా టికెట్ల మీద, స్టేషన్ గడియారాల మీద మాస్కో సమయమే ఉండేది. వ్లాదివొస్తోక్‌లో తెల్లారి ఆరు గంటలైతే స్టేషన్ గడియారం రాత్రి పదకొండు చూపించేది. ఇప్పుడు టికెట్ మీద స్థానిక సమయం ముద్రిస్తారు. పాత ప్రయాణ పుస్తకాలు చదివి, టికెట్ మీద సమయానికి మళ్లీ గంటలు కలిపేవారు ఇప్పటికీ ఉన్నారు. వారి రైలు అప్పటికి వెళ్లిపోయి ఉంటుంది.

మరీ చేయి బిగించినవారి ఆట ఒకటుంది, దాని పేరు ఎలెక్త్రీచ్క. అంటే ఊరి చుట్టుపక్కల నడిచే లోకల్ రైలు. ఒకదాని చివరి స్టేషన్‌లో దిగి మరోదానికి మారుతూ, త్వేర్, బొలొగొయె మీదుగా మాస్కో నుంచి 650 కిలోమీటర్ల దూరంలోని సెయింట్ పీటర్స్‌బర్గ్‌కు చేరడం రష్యా విద్యార్థుల్లో పాత సరదా. ఒక రోజంతా పడుతుంది. తూర్పుకు పోయేకొద్దీ ఈ గొలుసు మధ్యలో తెగిపోతుంది. సైబీరియాలో రెండు ఊళ్ల మధ్య దూరం లోకల్ రైలు అనే మాటకు లొంగదు.

స్టేషన్‌లో నగదుతో కొనేవారికి భాష రాకపోయినా పని జరుగుతుంది. ఒక కాగితం మీద ఎక్కే ఊరు, దిగే ఊరు, తేదీ, రైలు నంబరు, తరగతి రష్యన్ లిపిలో రాసుకుని పాస్‌పోర్టుతో పాటు కిటికీలోంచి అందిస్తే చాలు. రెండు మాటలు మాత్రం అదనంగా రాయాలి: ‘వెర్ఖ్నెయె’, అంటే పై బెర్తు, ‘నె బొకవొయె’, అంటే సైడ్ బెర్తు వద్దు. కిటికీ అవతలి మనిషి కాగితం చదివి, మీటలు నొక్కి, ధర వేసిన కాలిక్యులేటరును తిప్పి చూపిస్తుంది. తల అడ్డంగా ఊపితే మరో రైలు ధర వేసి చూపిస్తుంది. వెనుక వరుస పొడవుగా ఉంటే మూడోసారి చూపించదు.